సణుగుడు విన్న సంఘం

ప్రభువు నామంలో మీ అందరికీ వందనములు. సంఘంలో నిజమైన సహవాసం ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే మనం వెంటనే అపొస్తలుల కార్యములు రెండవ అధ్యాయంలోని చివరి వచనాలను చూపిస్తాము. విశ్వసించినవారందరూ ఏకంగా కూడేవారని, ఇంటింట రొట్టె విరిచేవారని, ఎవరికి ఏ అక్కర ఉంటే ఆ మేరకు తమ ఆస్తులు అమ్మి పంచిపెట్టేవారని అక్కడ చదువుతాము. చదివిన ప్రతిసారీ మన సంఘం కూడా అలాగే ఉంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది. అదే గ్రంథంలో మరి నాలుగు అధ్యాయాలు తిప్పితే ఒక గొడవ కనిపిస్తుంది. దాని మీద ప్రసంగాలు తక్కువ. నా దృష్టిలో మాత్రం సహవాసం గురించి నేర్చుకోవలసింది అక్కడే ఎక్కువగా ఉంది.

ఆ గొడవ తిండి దగ్గర మొదలైంది. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను పట్టించుకోవడం లేదని, యెరూషలేము సంఘంలో గ్రీకు భాష మాట్లాడే యూదులు, స్థానిక భాష మాట్లాడే యూదులైన హెబ్రీయుల మీద సణగసాగారు. ఒకే పట్టణంలో ఉంటూ, ఒకే ప్రభువును ఒప్పుకొన్నవారి మధ్య భాష గోడలా నిలిచింది. అపొస్తలులు ఏమి చేయలేదో ముందుగా గమనించండి. వారు ఐక్యత మీద ఒక ప్రసంగం చేసి ఊరుకోలేదు. సణిగినవారిని ఆత్మీయత కొరవడినవారని మందలించలేదు. శిష్యులందరినీ పిలిచి, మంచి పేరు పొందిన ఏడుగురిని మీలో నుండి ఎన్నుకోండని చెప్పారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు ఎన్నికయ్యారు. ఏడూ గ్రీకు పేర్లే. వారిలో నీకొలాసు యూదుడుగా పుట్టినవాడు కూడా కాడు, అంతియొకయకు చెందినవాడై యూదుల మతంలో చేరినవాడు. పేరును బట్టి మనిషి మూలాన్ని పూర్తిగా తేల్చలేము. అయినా, ఫిర్యాదు చేసిన వర్గానికి దగ్గరివారి చేతికే పంపిణీ బాధ్యత అప్పగించారని అనుకోవడానికి ఆ జాబితా బలమైన ఆధారం.

అంటే అన్యాయం జరిగిందని చెప్పినవారికి ఓదార్పుతో పాటు అధికారం కూడా దక్కింది. ఒక మనిషి నిజంగా ఒక సంఘానికి చెందినవాడా అని తెలుసుకోవాలంటే ఆ కోణంలోనే చూడాలని నా అభిప్రాయం. అతడు రాని వారం ఎవరైనా గమనిస్తున్నారా, అతని ఫిర్యాదు వల్ల సంఘం తన పద్ధతిని మార్చుకోగలదా, అతని చేయి పడితేగాని సాగని పని ఏదైనా అక్కడ ఉందా అని అడగాలి. గుమ్మం దగ్గర ఎంత ఆప్యాయంగా చేయి కలిపారన్నది ఆ తరువాతి సంగతి. అనేక సంఘాలు కొత్తవారిని ఆహ్వానించడంలో చాలా శ్రద్ధ చూపిస్తున్నాయి, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ శ్రద్ధ మొదటి కొన్ని ఆదివారాలకే పరిమితమవుతుంది. తరువాత ఆ వ్యక్తి ముఖపరిచయం ఉన్నవాడుగా మిగిలిపోతాడు. పాటలు పాడతాడు, వాక్యం వింటాడు, కానుక వేస్తాడు, ఇంటికి వెళతాడు. మూడు వారాలు జబ్బుపడి రాకపోయినా ఎవరికీ తెలియదు.

బల్ల దగ్గరి తేడాలు కొరింథు సంఘంలో ఇంకా బాహాటంగా కనిపిస్తాయి. అక్కడ ప్రభువు బల్ల చుట్టూ కూడినప్పుడు ముందుగా వచ్చినవారు తమ భోజనం తాము తినేసేవారు. ఫలితంగా ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తులో ఉండేవాడు. లేనివారిని సిగ్గుపరుస్తున్నారా అని పౌలు చాలా కఠినంగా అడిగాడు. చివరికి ఆయన ఇచ్చిన ఆజ్ఞ ఎంతో సాదాగా ఉంటుంది. భోజనానికి కూడి వచ్చినప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగండి అన్నాడు. గంభీరమైన వేదాంత చర్చ మధ్యలో వచ్చిన ఆ చిన్న మాటను నేను తేలికగా తీసుకోలేను. ఆలస్యంగా వచ్చేవాడు ఎందుకు ఆలస్యంగా వస్తున్నాడో తెలుసుకొని, అతని వేళను బట్టి తన వేళను సర్దుకొనే సంఘమే అలా ఆగగలదు. కూడికల సమయాన్ని తీరిక ఉన్నవారు తమ సౌకర్యం కోసమే నిర్ణయిస్తే, రాత్రి పని చేసేవారికీ, మంచాన పడిన తల్లిదండ్రులను చూసుకొనేవారికీ ఆ సంఘంలో చోటు లేదని నోటితో చెప్పవలసిన అవసరం ఉండదు.

సుమారు క్రీ.శ. 155లో జస్టిన్ అనే క్రైస్తవుడు తన విశ్వాసాన్ని సమర్థిస్తూ రోమా చక్రవర్తికి రాసిన విన్నపంలో ఆదివారపు ఆరాధనను వర్ణించాడు. లేఖనాలు చదవడం, బోధ, ప్రార్థన, రొట్టె, ద్రాక్షారసం అన్నీ అందులో ఉన్నాయి. కానుకలను అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరసాలలో ఉన్నవారికి, పరదేశులకు వినియోగించేవారని కూడా ఉంది. వీటి మధ్య నన్ను ఆపే వివరం మరొకటి. ఆ రోజు రాలేకపోయినవారికి పరిచారకులు రొట్టెను, ద్రాక్షారసాన్ని తీసుకువెళ్లి ఇచ్చేవారు. అలా తీసుకువెళ్లాలంటే ఎవరు రాలేదో ఎవరో ఒకరు లెక్క చూసుకోవాలి, వారి ఇల్లు తెలిసి ఉండాలి. హాజరైనవారి సంఖ్యను పుస్తకంలో రాసుకొనే అలవాటు నేటి సంఘాలకు బాగా ఉంది. రానివారి పేర్లు మాత్రం ఎక్కడా కనిపించవు.

ఇప్పుడు చాలా శతాబ్దాలు దాటి 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరానికి వద్దాము. జాన్ వెస్లీ నాయకత్వంలోని మెథడిస్టు సమాజానికి అక్కడ కూడికల భవనం వల్ల అప్పు అయింది. దాన్ని తీర్చడానికి ప్రతి సభ్యుడూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలని ఒక సభ్యుడు సూచించాడు. చాలామంది బీదవారు, ఇవ్వలేరు అని మరొకరు అభ్యంతరం చెప్పారు. అయితే అత్యంత బీదవారైన పదకొండు మందిని నాకు అప్పగించండి, వారానికొకసారి వెళ్లి కలుస్తాను, వారు ఇవ్వలేకపోతే నేనే వేస్తాను అని ఆ మొదటి వ్యక్తి జవాబిచ్చాడు. మిగిలినవారిని కూడా అలాగే గుంపులుగా విభజించారు. డబ్బు కోసం ఇంటింటికీ తిరిగినవారికి అక్కడ మనుషుల పరిస్థితి కంటపడింది. ఎవరు ఎలా జీవిస్తున్నారు, ఎవరు విశ్వాసంలో తడబడుతున్నారు అన్నది తెలిసింది. ఎన్నాళ్లుగానో తనకు కావలసింది ఇదేనని వెస్లీ గుర్తించాడు. కొద్దికాలానికే ఇంటింటికీ తిరగడం మాని, సుమారు పన్నెండు మంది చొప్పున వారం వారం ఒకచోట కూడడం మొదలైంది. మెథడిస్టు ఉద్యమానికి వెన్నెముకగా నిలిచిన తరగతి కూడికలు అప్పు తీర్చే ప్రయత్నంలో పుట్టాయి.

ఈ సంఘటనలన్నింటిలోనూ ఒక పోలిక ఉంది. సహవాసాన్ని పెంచుదామని ఎవరూ ఒక కార్యక్రమం ప్రారంభించలేదు. విధవరాండ్రకు అన్నం అందాలి, రానివారికి రొట్టె చేరాలి, అప్పు తీరాలి. కలిసి మోయవలసిన పని ముందు వచ్చింది, మనుషులు ఒకరికొకరు చేరువ కావడం దాని వెంట వచ్చింది. అందుకే సహవాసం పేరుతోనే ఏర్పాటు చేసే ప్రత్యేక సాయంత్రాల మీద నాకు అంతగా నమ్మకం లేదు. అప్పటికే స్నేహితులైనవారు ఒకవైపు, కొత్తవారు మరొకవైపు కూర్చొని ఫలహారం ముగించి వెళ్లిపోయే ఆ సమావేశాల కంటే, వంట దగ్గర ఉల్లిపాయలు తరగమని కొత్తవారికి ఒక కత్తి ఇవ్వడం ఎక్కువ పని చేస్తుంది. బాప్తిస్మం, సభ్యత్వం, శిక్షణ అన్నీ పూర్తయ్యేదాకా ఎవరికీ ఏ పనీ అప్పగించని సంఘాలు ఉన్నాయి. బోధించే బాధ్యత విషయంలో ఆ జాగ్రత్త అవసరమే, కుర్చీలు సర్దడానికి కూడా అదే నియమం పెడితే ఆ కొత్త మనిషి అతిథిగానే ఉండిపోతాడు.

జర్మనీలో నాజీల పాలనకు లొంగని సంఘం తరఫున డీట్రిష్ బాన్‌హోఫర్ అనే పాస్టర్ 1935లో ఫిన్‌కెన్‌వాల్డెలో కాపరులకు శిక్షణనిచ్చే ఒక పాఠశాలను నడిపాడు. 1937లో నాజీల రహస్య పోలీసు దళమైన గెస్టపో దాన్ని మూసివేసింది. ఆ కొద్ది కాలపు ఉమ్మడి జీవితం మీద ఆయన తరువాత రాసినదానిలో ఒక హెచ్చరిక ఉంది. ఎదుట ఉన్న సహోదరుల కంటే తన మనసులోని ఆదర్శ సంఘాన్ని ఎక్కువగా ప్రేమించేవాడు, ఉద్దేశం ఎంత మంచిదైనా, ఉన్న సంఘాన్ని పాడుచేస్తాడని ఆయన అభిప్రాయం. మనం అపొస్తలుల కార్యములు రెండవ అధ్యాయాన్ని తలచుకొని నిట్టూర్చడంలోని ప్రమాదం కూడా అదే.

ఆ పాఠశాలలో ఒక నియమం ఉండేది. తోటి విద్యార్థి లేనప్పుడు అతని గురించి మాట్లాడకూడదు, ఒకవేళ మాట్లాడితే ఆ సంగతి తరువాత అతనికి చెప్పాలి. మన ప్రార్థన కూడికలకు ఈ నియమం ఎంత అవసరమో ఆలోచించండి. ఒకరి కుటుంబంలోని కలహం ప్రార్థన విన్నపం అనే పేరుతో సాయంత్రానికల్లా అందరి ఫోన్లకూ చేరిపోతుంది. చెప్పేవారికి దురుద్దేశం ఉండకపోవచ్చు, భారంతోనే చెప్పి ఉండవచ్చు. అయినా ఒకసారి అలా జరిగిన తరువాత ఆ మనిషి ఇంకెప్పుడూ నోరు విప్పడు. మీ పాపాలను ఒకనితో ఒకడు ఒప్పుకోండని యాకోబు రాశాడు గాని, విన్నదాన్ని మరొకనికి చేరవేయమని రాయలేదు.

చిన్న గుంపులను ప్రారంభిస్తే చాలు అన్నీ సర్దుకుంటాయనే నమ్మకం కూడా ఈ మధ్య బలపడింది. ఈ పద్ధతికి తరచుగా చూపే ఉదాహరణ దక్షిణ కొరియాలోని సియోల్. అక్కడ డేవిడ్ యోంగీ చో అనే పాస్టర్ 1964లో అధిక శ్రమ వల్ల ఆరాధన మధ్యలోనే కుప్పకూలిపోయాడు. ఒక్కడే అంతా మోయలేనని గ్రహించి ఇళ్లలో జరిగే చిన్న గుంపులకు బాధ్యత పంచాలనుకున్నాడు. పురుషులు వెనుకాడారు, స్త్రీలు ముందుకు వచ్చారు, ఆ గృహకూడికల మీదనే యొయిడో ఫుల్ గాస్పెల్ చర్చి ప్రపంచంలోని అతి పెద్ద సంఘాలలో ఒకటిగా ఎదిగింది. ఆ చరిత్రలో మరొక పుట కూడా ఉంది. 2014లో సంఘానికి ఆర్థిక నష్టం కలిగించిన కేసులో సియోల్ కోర్టు అదే చోను దోషిగా తేల్చి, శిక్ష అమలును నిలిపి ఉంచింది. గృహకూడికల్లో కూర్చున్న స్త్రీల పరిచర్య దీనివల్ల వ్యర్థమైందని నేను అనడం లేదు. సామాన్య సభ్యులు ఒకరికొకరు జవాబుదారులై ఉండి, పైన ఉన్నవారు ఎవరికీ జవాబు చెప్పనవసరం లేని ఏర్పాటు ఉంటే, చిన్న గుంపులు ఎన్ని ఉన్నా ఆ లోటును పూడ్చలేవు. యెరూషలేములో ఫిర్యాదు నేరుగా అపొస్తలుల దాకా వెళ్లింది, వారు విన్నారు.

సంఘం ఒక కుటుంబం అని మనం తరచుగా అంటాము. వివాహం కానివారు, విడిపోయినవారు, సంతానం లేనివారు, విశ్వసించినందుకు ఇంటివారికి దూరమైనవారు ఆ మాటను ఎలా వింటారో కూడా పట్టించుకోవాలి. కూడికలన్నీ దంపతుల కోసం, పిల్లల కోసం, యౌవనుల కోసం అని విభజించినప్పుడు వీరు ఏ వరుసలోనూ ఇమడరు. పౌలు మాత్రం రోమా పత్రిక పదహారవ అధ్యాయంలో రూఫుకు వందనములు చెబుతూ, అతని తల్లి తనకు కూడా తల్లి అని రాశాడు. నిలకడగా ఒక ఊరిలో ఉండని ఆ ప్రయాణికుడికి ఏదో ఒక ఇంట్లో ఒక స్త్రీ అమ్మ అయింది. ఆమె పేరు కూడా మనకు తెలియదు. ఒక ఇంటివారు ఒంటరిగా ఉన్న ఒకరిని పండుగనాడే కాకుండా మామూలు రోజున కూడా తమతో భోజనానికి పిలవడం మొదలుపెడితే, ఏ కమిటీ అనుమతీ అక్కరలేదు.

చివరగా, విడిచి వెళ్లినవారి సంగతి. ఎవరైనా సంఘం మానేస్తే వారు చల్లారిపోయారని, లోకంలో పడ్డారని తేల్చేయడం మనకు సులభం. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. అనేకులు మాత్రం మానేయడానికి ముందు ఏదో ఒకటి సణిగి ఉంటారు, ఎవరూ పట్టించుకొని ఉండరు. పెద్దలు గత ఏడాది వెళ్లిపోయినవారి పేర్లు రాసుకొని, తిరిగి రమ్మని ఒత్తిడి చేయకుండా, ఏమి జరిగిందో చెప్పమని మాత్రమే అడగాలి. వారు చెబుతున్నంతసేపు మధ్యలో సమాధానం ఇవ్వకూడదు, వాక్యం ఎత్తి చూపకూడదు. విన్నదాన్ని రాసుకొని, వచ్చే పెద్దల సమావేశంలో మొదటి అంశంగా చదవాలి.