పిల్లల నత్తిని ఇంట్లో ఎలా కొలవాలి?

[తెర మీద: బొమ్మలతో ఆడుకుంటున్న మూడేళ్ల పాప]

ఇంట్లో వారం రోజులుగా "నా బొ... బొ... బొ... బొమ్మేదీ" అంటున్న పాప, స్పీచ్ థెరపిస్ట్ ముందు కూర్చోగానే గడగడా మాట్లాడేస్తుంది. "నిజంగానే నత్తి వస్తోందండీ" అని అమ్మానాన్నలు ఒట్టేసి చెప్పాల్సిన పరిస్థితి!

చిన్నపిల్లల్లో ఇది మామూలే. నత్తి ఎక్కువగా రెండు నుంచి నాలుగేళ్ల మధ్య మొదలవుతుంది, కానీ రోజూ ఒకేలా ఉండదు. సోమవారం మాట మాటకీ అడ్డం పడి, బుధవారానికి దాదాపు కనిపించకుండా పోవచ్చు. ఒక్క మాటలో జవాబిచ్చేటప్పుడు రానిది, అమ్మమ్మకు పెద్ద కథ చెప్పబోతే వస్తుంది. అందుకే క్లినిక్‌లో అరగంట విని తేల్చేయకూడదు. అసలు సంగతి ఇంట్లోనే తెలుస్తుంది.

[తెర మీద: నూటికి ఎన్ని?]

థెరపిస్టులు నూరు అక్షరాలు పలికితే ఎన్నింటి దగ్గర నత్తి వచ్చిందో లెక్కిస్తారు. మన తెలుగుకు ఇది బాగా సరిపోతుంది. అక్షరాలు కాకుండా మాటలు లెక్కపెడితే "రా" అన్నా ఒకటే, ఎనిమిది అక్షరాల "చెప్పలేకపోతున్నాను" అన్నా ఒకటే అయిపోతుంది.

ఇంటిపనుల మధ్య ఈ లెక్క ఎవరికీ కుదరదు. తల్లిదండ్రులకు ఇంతకన్నా తేలికైన కొలత ఉంది. సిడ్నీలో రూపొందిన లిడ్‌కమ్ ప్రోగ్రామ్ అనే చికిత్సలో అమ్మో నాన్నో రోజూ ఒక్క అంకె రాస్తారు. నత్తి అసలు రాకపోతే 0, చాలా స్వల్పంగా ఉంటే 1, అత్యంత తీవ్రంగా ఉంటే 9.

[తెర మీద: వారం రోజుల పట్టిక, 0 నుంచి 9 వరకు గీతలు]

ఆ అంకె రోజు మొత్తానికి వర్తించాలి. సాయంత్రం ఒక్కసారి గట్టిగా ఆగిపోయిందని భయపడి 8 వేయకండి. పాప ముందు రాయకండి, "ఇవాళ ఎక్కువైంది" అని తన ఎదుట అనకండి. మీరు వేసే అంకె సరైనదేనా అనే అనుమానం సహజం. క్లినిక్‌లో పాప మాట్లాడుతుంటే మీరూ థెరపిస్టూ విడివిడిగా అంకె వేసి పోల్చుకోండి. తేడా ఒకటికి మించకపోతే మీ చెవిని నమ్మవచ్చు. మించితే ఆయనతో కలిసి మళ్లీ వినండి.

[తెర మీద: ఫోన్‌లో రికార్డింగ్]

పరిశోధకులు కూడా క్లినిక్ బయటి మాటలనే నమ్ముకున్నారు. న్యూజిలాండ్‌లో 54 మంది పిల్లలతో చేసిన ట్రయల్ ఫలితాలు 2005లో వచ్చాయి. క్లినిక్ బయట రికార్డు చేసిన సంభాషణల్లోంచే లెక్క తీశారు. తొమ్మిది నెలలకు లిడ్‌కమ్ చికిత్స పొందిన పిల్లల్లో నత్తి నూటికి సగటున 1.5 అక్షరాలకు చేరింది. మిగతా పిల్లల్లో అది 3.9. వాళ్లలోనూ తగ్గింది, ఎందుకంటే చాలామందికి ఈ వయసులో నత్తి దానంతటదే పోతుంది. మీ పాపది తగ్గుతోందా, అలాగే ఉందా అన్నది వారాల తరబడి రాసిన అంకెలే చూపిస్తాయి.

కాబట్టి "అదే పోతుందిలే" అని ఊరుకోకండి. ఇవాళ్టి నుంచే రాయడం మొదలుపెట్టండి. థెరపిస్ట్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పట్టిక, అన్నం తినేటప్పుడో ఆడుకునేటప్పుడో ఫోన్‌లో రికార్డు చేసిన పాప మాటలు వెంట తీసుకెళ్లండి.