ముందొచ్చినవాడికే ఎందుకివ్వాలి?

(నెల్లూరులో నాణేలు, స్టాంపులు, బొమ్మకార్లు సేకరించేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ఆదివారం పూట క్రికెట్ వదులుకుని వచ్చిన పిల్లలకు నమస్కారం.

ఉదయగిరి కొయ్య చెంచాల సెట్టు ఒకటి మన సంఘం గుర్తు వేయించి ప్రత్యేకంగా చేయిద్దామని అనుకున్నాం కదా. దాన్ని ఎలా అమ్మితే గొడవలు రావో చెప్పమని కార్యదర్శి గారు నన్ను పిలిచారు. గొడవ రాకుండా అమ్మే పద్ధతి లేదని ముందే చెప్పేస్తున్నాను. ముప్పై వస్తువులకు వందమంది వస్తే డెబ్బైమంది ఉత్తచేతులతో పోవాల్సిందే. ఆ డెబ్బైమంది ఎవరో ఎలా తేలుస్తాం, తేలాక వాళ్లు మనల్ని తిట్టుకోకుండా "సరేలే, ఈసారి మనకు రాలేదు" అని ఎప్పుడు అనుకుంటారు? నేను మాట్లాడబోయేది దాని గురించే.

2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం విడుదలైంది. 44 మిల్లీమీటర్ల నాణెం. సగం వెండి, మిగతాది రాగి, నికెల్, జింకు. ముఖ విలువ వందే అయినా అమ్మకం ధర ప్యాకింగును బట్టి నాలుగు వేల పైచిలుకు. తయారుచేసింది హైదరాబాద్ మింట్, అంటే ప్రభుత్వం నాణేలు ముద్రించే చోటు. అక్కడి కౌంటర్ల దగ్గర అభిమానులు బారులు తీరారు. ఇప్పుడు మన ఊరి అభిమాని సంగతి చూడండి. సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, రాత్రంతా ప్రయాణం చేసి, సికింద్రాబాద్‌లో దిగి, ఆటో మాట్లాడుకుని కౌంటర్ చేరేసరికి వాడి ముందు ఎంతమంది ఉంటారో దేవుడికెరుక. కౌంటర్ ఉన్న సైఫాబాద్‌లోనే ఇల్లున్నవాడికి అదే పని పొద్దున పూట నడక.

క్యూ అంటే మనకు మహా నమ్మకం. ముందొచ్చినవాడికి ముందు, ఇందులో అన్యాయం ఏముంది అంటాం. నాకైతే అన్ని పద్ధతుల్లోకీ అన్యాయమైనది క్యూయే అనిపిస్తుంది. రోజుకూలీకి సగం రోజు క్యూలో నిలబడటమంటే సగం కూలి పోయినట్టు. జీతం కట్ కాని ఉద్యోగికి అది సెలవు పూట కాలక్షేపం. డబ్బున్నవాడు తాను నిలబడడు, ఇంకొకణ్ణి నిలబెడతాడు. ఆన్‌లైన్ అయితే ఆ నిలబడేది సాఫ్ట్‌వేర్. మనం ఓటీపీ కోసం ఫోన్ వెతుక్కునే లోపల అది పది ఆర్డర్లు పెట్టేస్తుంది. ఇక్కడ పోటీ అభిమానానికి కాదు, తీరికకూ వేలి వేగానికీ.

తిరుమల మూడొందల రూపాయల దర్శనం టికెట్లు విడుదలయ్యే పూట మన ఇళ్లలో ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. పేజీ తిరుగుతూనే ఉంటుంది, ఆగేసరికి తేదీలన్నీ ఎర్రబడి ఉంటాయి. అదే దేవస్థానం సుప్రభాతం, తోమాల, అర్చన లాంటి సేవలకు ఎలక్ట్రానిక్ డిప్, అంటే కంప్యూటర్ లాటరీ పెట్టింది. పేరు నమోదుకు గడువు ఇస్తారు. ఆ గడువులో పొలం నుంచి వచ్చి మధ్యాహ్నం నమోదు చేసుకున్నా, అర్ధరాత్రి చేసుకున్నా ఒకటే. తర్వాత డిప్ తీస్తారు, వచ్చినవాళ్లు డబ్బు కడతారు. రానివాళ్లు "స్వామి పిలవలేదు" అనుకుంటారు. నెట్ స్లో అయి పోగొట్టుకున్నవాడు మాత్రం స్వామిని కాదు, సర్వర్‌ని తిడతాడు. గమనించారా?

అసలు ఈ తోపులాట ఎందుకు? తయారుచేసినవాడు నాలుగు వేలు ధర పెడతాడు. తొమ్మిది వేలిచ్చి కొనేవాళ్లు బయట ఉంటారు. మధ్యలో అయిదు వేలు రోడ్డు మీద పడి ఉన్నట్టే లెక్క. ఎవరికి దొరికితే వాళ్లు ఏరుకుంటారు. బెనిఫిట్ షో టికెట్లు బ్లాక్‌లో అమ్మేవాడు ఆ హీరో అభిమాని కానక్కర్లేదు, కౌంటర్ ధరకీ అభిమాని ఆత్రానికీ తేడా లెక్కగట్టడం వస్తే చాలు. (బ్లాక్‌లో కొన్నవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉంటారు. చేతులెత్తమని అడగను.)

అయితే వేలం పెట్టేస్తే పోలా, ఆ అయిదు వేలు కూడా తయారుచేసినవాడికే వస్తాయి అంటారు కొందరు. ఒంగోలు, కొండపి, టంగుటూరు వేలం కేంద్రాల్లో పొగాకు అమ్ముకునే రైతుకు వేలం న్యాయమే. బేలుకు ఎంత ఎక్కువొస్తే అంత మంచిది. అభిమానుల దగ్గర ఆ న్యాయం పనిచేయదు. 1986లో డేనియల్ కానమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అని ముగ్గురు పరిశోధకులు జనాన్ని ఒక ప్రశ్న అడిగారు. వీళ్లలో ఇద్దరికి తర్వాత ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ప్రశ్న ఇది: అందరూ ఎగబడుతున్న ఒక రకం బొమ్మ నెల రోజులుగా షాపులో లేదు. క్రిస్మస్‌కు వారం ముందు గోదాములో ఒక్కటి దొరికింది. ఎవరు ఎక్కువిస్తే వాళ్లకే అని షాపువాళ్లు మైకులో చెప్పారు. ఇది సబబేనా? నలుగురిలో ముగ్గురు దాకా అన్యాయం అన్నారు. ఆ డబ్బు పిల్లల కోసం పనిచేసే యునిసెఫ్‌కు పోతుందని మార్చి అడిగితే ఎక్కువమంది సరేనన్నారు. మనకు ఇందులో వింతేమీ లేదు. వినాయకుడి లడ్డూ లక్షలకు పాడుకుంటే ఊరు చప్పట్లు కొడుతుంది. అదే లడ్డూని స్వీటు షాపువాడు వేలం వేస్తే మళ్లీ ఆ షాపు గడప తొక్కం. వేలం మీద జనానికి కోపం లేదు. డబ్బు ఎవరి జేబులోకి పోతుందో చూస్తారు, అంతే.

స్టాంపుల మిత్రులు గర్వపడే విషయం ఒకటుంది. సీల్డ్ కవర్లో ధర రాసి, ఎక్కువ రాసినవాడు గెలిచి, రెండోవాడు రాసిన ధర మాత్రమే కట్టే వేలం ఉంది. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లో దాని మీద సిద్ధాంతం రాశాడు, ఆయనకూ నోబెల్ వచ్చింది. అమెరికాలో స్టాంపుల వ్యాపారులు 1893 నాటికే ఆ పద్ధతిలో పోస్టు ద్వారా వేలాలు నడిపారు. స్టాంపులవాళ్లు దాదాపు డెబ్భై ఏళ్లు ముందున్నారన్నమాట.

ఇక బొమ్మకార్లు. పిల్లల కోసం దీని దగ్గర కాస్త ఆగుతాను. హాట్ వీల్స్ కంపెనీ 1995 నుంచి ట్రెజర్ హంట్ అని కొన్ని కార్లను మామూలు కార్ల మధ్య కలిపి పంపుతోంది, 2007 నుంచి సూపర్ ట్రెజర్ హంట్ కూడా. ఈ సూపర్ కార్లకు మెరిసే ప్రత్యేకమైన రంగు, రబ్బరు టైర్లు, కారు మీద ఎక్కడో టీహెచ్ అన్న అక్షరాలు. ధర మాత్రం పక్క కారు ధరే. ఎంత అందమైన ఆలోచన! కొక్కేనికి వేలాడే కార్లలో వెతుకుతూ వెతుకుతూ ఒక పిల్లాడు కేక పెట్టాలి, అదీ వాళ్ల ఉద్దేశం. జరిగేది వేరు. పెట్టె గోదాములోనే తెరుచుకుంటుంది, తెరిచినవాడి ఫోన్లో బ్లాక్‌లో అమ్ముకునేవాడి నంబరు ఉంటుంది. కొక్కేనికి వచ్చేవి మిగిలినవి. మన ఊళ్లోనే ఒక షాపులో చూశాను, పేరు చెప్పను. తొమ్మిదేళ్ల పిల్లాడు వరసంతా తిరగేసి "ఏందన్నా, ఒక్కటీ లేదే" అంటే, "నీ టైమ్ బాలేదు తమ్ముడూ" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. టైమ్ బాగానే ఉంది, దారే బాలేదు. కంపెనీ ఎంత న్యాయంగా కలిపి పంపినా, ఆఖరి పది అడుగుల్లో తప్పు జరిగితే అంతా తప్పే. షాపువాళ్లు తలుచుకుంటే దీనికి పైసా ఖర్చు లేని మందు ఉంది. ఫలానా రోజు సాయంత్రం అయిదింటికి పెట్టె తెరుస్తాం అని బోర్డు పెట్టి, సీలు అందరి ముందూ విప్పి, పెద్దవాళ్లకు మనిషికి ఒకటే అనడం. ఆ సాయంత్రం మిగతా సరుకు కూడా అమ్ముడవుతుంది, కావాలంటే పందెం.

నిజమైన అభిమానిని గుర్తుపట్టే దారులు పెద్ద కంపెనీలు కొన్ని వెతికాయి. 2021లో వాల్వ్ కంపెనీ స్టీమ్ డెక్ అనే గేమింగ్ యంత్రానికి అయిదు డాలర్లు కట్టించుకుని వరస నంబరిచ్చింది. మొదట్లో, అంతకు ముందు నుంచే తమ దగ్గర ఏదో ఒకటి కొన్న ఖాతా ఉన్నవాళ్లకే. 2025లో నింటెండో కంపెనీ స్విచ్ 2 అనే గేమింగ్ యంత్రం విడుదల చేసేటప్పుడు జపాన్‌లో లాటరీ పెట్టింది. పాత స్విచ్ మీద కనీసం యాభై గంటలు ఆడి ఉండాలి, ఏడాది పాటు వాళ్ల ఆన్‌లైన్ చందా కట్టి ఉండాలని షరతు. అయినా ఇరవై రెండు లక్షల మంది దరఖాస్తు చేశారు. తెలివైన షరతే, నాకు మాత్రం సగమే నచ్చింది. కొత్తగా ఇష్టం పుట్టిన పిల్లాడు యాభై గంటలు ఎక్కడి నుంచి తెస్తాడు? పాతవాళ్లకే పెద్దపీట వేసే సంఘాల్లో కొన్నాళ్లకు పాతవాళ్లే మిగులుతారు. మనం ఒకసారి చుట్టూ చూసుకుంటే అర్థమవుతుంది.

నాకు పూర్తిగా నచ్చిన పద్ధతి మన దేశంలోనే పాతది. మింట్ స్మారక నాణేల సెట్లకు బుకింగ్ పెట్టేది: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా డబ్బు కట్టండి, నాణెం తర్వాత పంపుతాం అని. ఆ గడువులో డబ్బు కట్టినవాడికి నాణెం వస్తుంది. నెలల తరబడి ఆగాలి, అదొక్కటే బాధ. తపాలా శాఖ ఫిలాటెలిక్ డిపాజిట్ ఖాతా ఇంకా సుఖం. కొంత డబ్బు వేసి ఉంచితే కొత్త స్టాంపు వచ్చినప్పుడల్లా ముఖ విలువకే మనకు అందుతుంది. 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి స్టాంపు, 2000లో మన పొట్టి శ్రీరాములు గారి స్టాంపు వచ్చాయి. అలాంటివి వచ్చినప్పుడు ఎవరి కాళ్లూ పట్టుకోకుండా ఇంటికి రప్పించుకునే ఏర్పాటు అది. ఈ హాల్లో ఇరవై అయిదేళ్ల లోపు వాళ్లలో ఎంతమందికి ఆ ఖాతా ఉంది? అదీ సంగతి.

"అడిగినవాళ్లందరికీ ఇస్తే ఇక అరుదేముంది, విలువేముంది" అని వెనక వరసలో గొణుగుడు వినపడుతోంది. మీరు చెప్పండి, 1948 గాంధీ గారి పది రూపాయల స్టాంపు మీద "సర్వీస్" అని అచ్చువేసినవి వందే. 2017లో అందులో నాలుగు కలిసి అయిదు లక్షల పౌండ్లకు అమ్ముడుపోయాయి. అవి మనబోటి సేకర్తలను ఊరించడానికి వేసినవి కావు, గవర్నర్ జనరల్ కార్యాలయం వాడకానికి వేసినవి. అలా దానంతటదే వచ్చిన అరుదుకు నేను దండం పెడతాను. ఫ్యాక్టరీలో పదివేలు చేయగలిగినవాడు కావాలని అయిదువందల దగ్గర ఆపి, "ఆఖరి అవకాశం" అని మెసేజ్‌లు పంపితే, అది మన ఆత్రం మీద చేసే వ్యాపారం. 2021లో పోకెమాన్ కార్డుల కోసం అమెరికాలో షాపుల దగ్గర జనం ఎగబడితే, ఆ కంపెనీ వీలైనంత గరిష్ఠంగా మళ్లీ అచ్చువేస్తామని ప్రకటించింది. కార్డులు దాచి అమ్ముకునేవాళ్లు గుండెలు బాదుకున్నా, ఆడుకునే పిల్లలకు అదే కావాలి.

ఉదయగిరి చెంచాల సంగతి ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. అది చేతిపని. అడవి కొయ్యను చెక్కి, నునుపు చేసి, పిడి మీద నగిషీ తీసేసరికి ఎంత సమయం పడుతుందో చేసేవాళ్లకే తెలుసు. తొందరపెడితే చెంచా పాడవుతుంది, చేసే చెయ్యి కూడా పాడవుతుంది. అందుకని సంఖ్య ముందే ప్రకటించొద్దు. పదిహేను రోజులు బుకింగ్ తెరిచి ఉంచుదాం. మనిషికి ఒకటి, వంద రూపాయలు అడ్వాన్సు. ఫోన్లో ఫామ్ నింపడం రానివాళ్లకు కాగితం ఫామ్. గడువు లోపల అడిగిన ప్రతివాళ్లకూ సెట్టు వస్తుంది. డిప్ ఎందుకంటే, ఎవరికి ముందు ఎవరికి తర్వాత అని తేల్చడానికి మాత్రమే. చీటీలు ఈ పిల్లల చేతే అందరి ముందూ తీయిద్దాం. పనివాళ్లు ఒక విడత పూర్తిచేసి పంపినప్పుడల్లా ఆ వరసలో పంచుదాం.

మనసు మారినవాడు సెట్టును సంఘానికే తిరిగిచ్చేయాలి, కొన్న ధర ఇచ్చేద్దాం, వరసలో తర్వాతివాడికి పోతుంది. బయట అమ్ముకుంటే పోలీసును పంపలేం కదా. కానీ మళ్లీ ఏదైనా చేయించినప్పుడు వాడి పేరు వరసలో చివరికి పోతుందని ఫామ్ మీదే రాద్దాం. ఒకటో నంబరు సెట్టును మాత్రం సీల్డ్ కవర్ వేలం వేద్దాం, రెండో ధరకే. మామూలు ధర మీద వచ్చిన ప్రతి రూపాయీ చెక్కినవాళ్లకు. లెక్క నోటీసు బోర్డు మీద.

ఇంకొకటి. కమిటీ సభ్యులకు విడిగా కోటా వద్దు. వాళ్ల చీటీలు కూడా అదే డబ్బాలో. అధ్యక్షుల వారు నా వైపు చూస్తున్నారు, నేను చూడటం లేదు.

ఫామ్‌లు తలుపు దగ్గర టేబుల్ మీద పెట్టాం. ఫోన్ నంబరు అంకెలు విడివిడిగా, స్పష్టంగా రాయండి, పోయినసారి సభ్యత్వ ఫామ్‌లలో ఒకటికీ ఏడుకీ తేడా తెలియక నానా తంటాలు పడ్డారట. ఇక మీ ప్రశ్నలు అడగండి. కోటా గురించిన ప్రశ్నలు మాత్రం టీ తర్వాత.