చేతులు వెనక్కి కట్టుకుని నిలబడండి

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మీలో డాక్టర్లు, కళ్ళజోడు నంబరు చూసే ఆప్టోమెట్రిస్టులు, నర్సులతో పాటు ఆసుపత్రి పరికరాలు చూసే ఇద్దరు బయోమెడికల్ ఇంజినీర్లు కూడా వచ్చారని చెప్పారు, ఆ ఇద్దర్నీ చూస్తే నాకు ప్రత్యేకంగా సంతోషంగా ఉంది, ఎందుకో కాసేపాగి చెప్తాను.

పొద్దున్నుంచి నలుగురు అడిగారు, సార్ పల్లెల్లో మన కంటి క్యాంపు జరిగే ఈ పది రోజుల్లో ఎన్ని ఆపరేషన్లు చేయొచ్చు అని. మీ వయసులో నేనూ అదే అడిగేవాణ్ణి. 1980ల్లో మా క్యాంపులన్నీ స్కూలు గదుల్లోనే, బెంచీలు బయటేసి, గోడలకి సున్నం కొట్టించి, పొద్దున మొదలుపెడితే రాత్రి దాకా శుక్లాలు తీస్తూనే ఉండేవాళ్ళం. అప్పటికి మా క్యాంపుల్లో కంటి లోపల లెన్స్ పెట్టడం లేదు, శుక్లం మొత్తంగా తీసేసి ఆ లావుపాటి సోడాబుడ్డి అద్దాలు చేతికిచ్చి పంపేవాళ్ళం. చివరి రోజు ఊరంతా దండలేసి సాగనంపేది, మేమూ ఏదో సాధించేశామన్న ధీమాతో బండెక్కేవాళ్ళం.

ఏడాది తర్వాత వేరే పని మీద అలాంటి ఒక ఊరికే మళ్ళీ వెళ్ళాను. అరుగు మీద కూర్చున్న ఒక అవ్వ నా మాట విని "కండ్ల డాక్టరు సారు కదా" అంది. గొంతుని బట్టి పట్టింది, నన్ను చూసి కాదు. ఏం అవ్వా, అద్దాలేవీ అంటే కొంగు ముడి విప్పి చూపించింది. ఫ్రేముకి దారం చుట్టి ఉంది, ఆపరేషన్ చేసిన కంటి వైపు అద్దం లేదు. "పలిగింది సారూ, గప్పట్నుంచి మళ్ల చీకటే" అంది. టార్చి వేసి చూశాను, ఆపరేషన్ శుభ్రంగా ఉంది, కన్ను ఆరోగ్యంగా ఉంది, అవ్వకి మాత్రం చూపు లేదు. ఒక్క అద్దం మార్చే మనిషి ఆ చుట్టుపక్కల ఎక్కడా లేడు. ఇన్నేళ్ళయినా ఆ కొంగు ముడి నా కళ్ళ ముందే ఉంది.

మనం వెళ్ళిపోయాక ఆ ఊళ్ళో ఎవరుంటారు అన్న ప్రశ్న మనకంటే ముందే వేసుకున్నవాళ్ళున్నారు. మదురైలో కంటి డాక్టరు వెంకటస్వామి గారు 1976లో 11 మంచాలతో అరవింద్ ఆసుపత్రి మొదలుపెట్టినప్పుడు ఆయన వేళ్ళు కీళ్ళవాతంతో వంకర్లు పోయి ఉన్నాయి, ఆ వేళ్ళతోనే ఆపరేషన్లు చేశారు. అంతకంటే గొప్ప పని నా దృష్టిలో ఏంటంటే, పల్లెటూరి ఆడపిల్లల్ని తీసుకొచ్చి తర్ఫీదిచ్చి ఆసుపత్రి పనిలో చాలా భాగం వాళ్ళ చేతుల్లో పెట్టారు. మన హైదరాబాదులో గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో ఎల్వీ ప్రసాద్ నేత్ర సంస్థ పెట్టాక పల్లెల వైపు వెళ్తూ ఒక లెక్క వేసుకున్నారు, సుమారు 50 వేల మంది జనానికి ఒక విజన్ సెంటర్ ఉండాలి, అందులో కూర్చునేది ఎక్కడి నుంచో వచ్చిన డాక్టరు కాదు, ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనే చదువుకున్న అమ్మాయో అబ్బాయో, ఏడాది ట్రైనింగ్ తీసుకున్న టెక్నీషియన్. కళ్ళజోడు నంబరు చూడటం, శుక్లం ఉందో లేదో చెప్పడం, నీటికాసుల, అంటే గ్లకోమా అనుమానం ఉంటే పై ఆసుపత్రికి పంపడం, ఇదంతా ఆ పిల్లలే చేస్తారు. ఆ అవ్వ ఊరికి పక్కన అలాంటి పిల్ల ఒక్కతి ఉంటే చాలు కదా అని నాకు ఎన్నిసార్లు అనిపించిందో.

ఆర్బిస్ అనే సేవా సంస్థ వాళ్ళ ఎగిరే కంటి ఆసుపత్రి గురించి వినే ఉంటారు, 1982లో ఒక పాత డీసీ-8 విమానంలో మొదలైంది, లోపలే ఆపరేషన్ థియేటర్, దాని పక్కనే క్లాస్‌రూమ్. అందరూ విమానం గురించే మాట్లాడతారు గానీ నాకు నచ్చింది ఆ క్లాస్‌రూమ్. విమానం దిగిన ఊరి డాక్టర్లు అక్కడ కూర్చుని ఆపరేషన్‌ని స్క్రీన్ మీద లైవ్‌లో చూస్తూ, చేస్తున్న సర్జన్‌ని అప్పటికప్పుడే ప్రశ్నలు అడగొచ్చు. ఒక పేషెంటు కన్ను బాగుపడే టైములోనే గదినిండా మనుషులు నేర్చుకుంటున్నారు.

సరే, నేర్పడం ఎలా ఉంటుందో నా అనుభవం చెప్తాను. ఒక తండా నుంచి వచ్చిన అమ్మాయికి కళ్ళజోడు నంబరు కనిపెట్టే రెటినోస్కోపీ నేర్పిస్తున్నాను, అంటే మీకు తెలుసు కదా, చీకటి గదిలో పేషెంటు కంట్లోకి సన్నటి వెలుగు గీత వేసి అటూ ఇటూ కదిలిస్తే లోపలి ఎర్రటి మెరుపు మన గీత వెంట వస్తోందా, ఎదురు వస్తోందా చూసి, వెంట వస్తే ప్లస్ అద్దం, ఎదురొస్తే మైనస్ అద్దం పెంచుకుంటూ పోతాం. మొదటి రోజు ఇరవై కళ్ళు చూసింది, ఒక్కటీ తేలలేదు. తప్పు నాది. రెండు నిమిషాలు ఆగలేక ఇటియ్యి అమ్మా అని స్కోపు లాక్కుని నంబరు నేనే చెప్పేస్తున్నాను, పేషెంట్లు త్వరగా కదులుతున్నారు, ఆ పిల్ల ముఖం మాత్రం రోజురోజుకీ చిన్నబోతోంది. మూడో రోజు నా చేతులు రెండూ వెనక్కి కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఒక పెద్దాయన కంటికి ఆమె పావుగంట తీసుకుంది, ఆయన ఓపిగ్గా కూర్చున్నాడు, అద్దం తర్వాత అద్దం మారుస్తోంది, నాకు నంబరు ఎప్పుడో తెలిసిపోయింది, నోరు నొక్కుకుని నిలబడ్డాను. ఉన్నట్టుండి "సార్, నిండిపోయింది సార్" అని అరిచింది. మెరుపు అటూ ఇటూ కదలకుండా కంటిపాప మొత్తం వెలుగుతో నిండిపోయింది, సరైన అద్దం పడితే జరిగేది అదే కదా. పుస్తకంలో దానికి ఏదో పేరుంది, నేను మాత్రం అప్పట్నుంచీ అందరికీ ఆమె మాటే చెప్తున్నాను, నిండేదాకా ఆగండి అని.

ఇక ఇంజినీర్ల సంగతి. ఒకచోట విరాళంగా వచ్చిన మంచి స్లిట్ ల్యాంప్, అంటే కంటిని పెద్దదిగా చేసి చూపే పరికరం, దుప్పటి కప్పి మూలన పెట్టారు, పాడైపోయింది సార్, రెండేళ్ళయింది అన్నారు. మాతో వచ్చిన కుర్రాడు విప్పి చూస్తే పోయింది బల్బు మాత్రమే. ఆ రెండేళ్ళలో ఎంతమందిని నీటికాసులతోనో, నల్లగుడ్డు మీద పుండుతోనో చూడకుండా తిప్పి పంపించారో! అందుకే ఈ ఇద్దరు బాబులకి నా మనవి, మీరు రిపేరు చేయకండి, అక్కడి వాళ్ళ చేత చేయించండి, బల్బు ఎలా మార్చాలో, ఫ్యూజు ఎక్కడుంటుందో వాళ్ళ చేతులకి తెలియాలి.

నల్లగుడ్డు పుండు అన్నాను కాబట్టి ఇంకోటి. మీరు వెళ్ళేది వరి కోతల టైము. వడ్ల పొట్టు, ఆకు అంచు కంట్లో గీసుకుంటుంది, చిన్న గీతే, కానీ దాంట్లో ఆకుపసరో చనుబాలో పోస్తారు, లేకపోతే మందుల షాపులో ఏ చుక్కలిస్తే అవి వేసేస్తారు. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉండి, పుండు ఫంగస్‌ది అయితే కన్ను పోయినట్టే. నేపాల్‌లోని భక్తపూర్‌లో గ్రామ వలంటీర్లకే కంటి దెబ్బల్ని గుర్తుపట్టి దగ్గర్లోని కంటి కేంద్రానికి పంపడం నేర్పించారు, అక్కడ యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ వేశారు, 18 గంటల్లోపు మందు పడిన వాళ్ళలో ఒక్కరికి కూడా పుండు కాలేదు. ఆ వలంటీర్లెవరూ డాక్టర్లు కాదు, పక్కింటి మనుషులు. పొలంలో గీసుకున్న గంటకే మన దగ్గరికెవరూ రారు, పక్కింటికి వెళ్తారు. కాబట్టి మీరు వెళ్ళిన ఊళ్ళో ఆశా అక్కలతో ఒక్క సాయంత్రమన్నా కూర్చోండి, టార్చి ఎలా వేయాలో, కంటికి తాకించే రంగు కాగితం స్ట్రిప్‌తో కంటి మీది గీత ఎలా కనబడుతుందో చూపించండి, స్టెరాయిడ్ చుక్కల పేర్లు తెలుగులో రాసివ్వండి.

తిరిగొచ్చాక మీ ఫోన్ నంబరు మార్చకండి, ఇది సీరియస్‌గా చెప్తున్నాను. అక్కడ మీరు నేర్పిన పిల్లలు ఫొటో పెట్టి సార్ ఇది ఏంటి అని అడుగుతారు, రాత్రి పదింటికైనా సరే జవాబివ్వండి. వీలైతే వచ్చే ఏడాది అదే ఊరికి, అదే మనుషుల దగ్గరికే వెళ్ళండి, కొత్త ఊరు చూడాలన్న సరదా నాకూ ఉండేది, దానివల్ల ఎక్కడా ఏదీ పూర్తిగా నిలబెట్టలేకపోయాను.

రేపు పొద్దున ఆరింటికల్లా మటన్ షాపు నుంచి మేక కళ్ళు వస్తాయి, ఐస్ డబ్బాలో పెట్టించాను. మేక కంట్లో లెన్స్ పొర మనిషిదాని కంటే సాగుతుంది, గుండ్రంగా చింపబోతే పక్కకి పారిపోతుంది, మీకూ చేయి తిరగదు, చిరాకుపడకండి. మీరు వెళ్ళబోయే చోటి నుంచి ముగ్గురు డాక్టర్లు, ఇద్దరు నర్సులు రాత్రి బస్సుకే బయల్దేరి వస్తున్నారు. మొదటి పది కళ్ళు వాళ్ళవి, మిగిలితే మీవి.