గొంతు మారిన క్షణంలో ఆటిజం ఉన్న మెదడు ఏం చేస్తుంది?

నమస్కారం. "స్టేషన్‌లో మైకులో చెప్పేదంతా అదే రాగంతో అప్పజెప్తాడు సార్, నేను కోప్పడినా ముద్దు చేసినా మాత్రం వాడికి ఒకటే." మన తిరుపతిలో ఆటిజం ఉన్న పిల్లల తల్లుల నోట తరచుగా వినిపించే మాట ఇది. రైలు ప్రకటనను తెలుగులోనూ హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉన్నదున్నట్టు పట్టుకున్న పిల్లవాడు కన్నతల్లి గొంతులో వచ్చిన మార్పును ఎందుకు పట్టుకోలేకపోతున్నాడన్నది న్యాయమైన ప్రశ్న. వినికిడి పరీక్ష ఎలాగూ చేయించవలసిందే. కాని అది సవ్యంగా ఉందని తేలిన పిల్లల్లో, తేడా చెవి దాటిన తరువాత, మెదడు ఆ ధ్వనిని అందుకునే తీరులో ఉంటుంది. ఈ వీడియోలో ఆ తీరును గురించి మాట్లాడుతాను.

రాత్రి నిద్రలో తిరుగుతున్న ఫ్యాను కరెంటు పోయి ఆగిందంటే మనకు మెలకువ వస్తుంది. ఫ్యాను చప్పుడును మనం శ్రద్ధగా వింటూ పడుకోలేదు, అయినా అది మారిన సంగతి మెదడుకు తెలిసింది. ఒకే రకంగా సాగుతున్న శబ్దంలో మార్పు వచ్చినప్పుడు, మన ప్రమేయం లేకుండానే మెదడులో పుట్టే ఈ చిన్న విద్యుత్ స్పందనను ఫిన్లాండ్ శాస్త్రవేత్త రిస్టో నాటానెన్, ఆయన సహచరులు 1978లో వివరించారు. దానికి మిస్‌మ్యాచ్ నెగెటివిటీ అని పేరు. తల మీద ఎలక్ట్రోడ్లు అమర్చి, చెవిలో ఒకే శబ్దాన్ని మళ్లీ మళ్లీ వినిపిస్తూ, మధ్యలో ఎప్పుడైనా ఒకసారి వేరే శబ్దాన్ని చొప్పిస్తారు. ఆ వేరే శబ్దం వినిపించిన సెకనులో పదో వంతు నుంచి పావు వంతు లోపల ఈ స్పందన ఈఈజీలో, అంటే మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్షలో, కనిపిస్తుంది. ఈ పరీక్షలో కూర్చున్న మనిషి ప్రశ్నలకు జవాబు చెప్పనక్కరలేదు, శబ్దాలను పట్టించుకోనూ అక్కరలేదు. సాధారణంగా ఎదురుగా మాటలు లేని సినిమా ఏదో వేసి చూస్తూ ఉండమంటారు. మాటలు రాని పిల్లల విషయంలో ఈ పద్ధతికి ఇంత విలువ ఉన్నది అందువల్లనే.

గొంతులోని భావాన్ని కూడా ఇదే పద్ధతిలో పరీక్షించవచ్చు. అర్థం లేని "దదా" అనే శబ్దాన్ని మామూలు గొంతుతో పదేపదే వినిపించి, మధ్యలో అదే "దదా"ను కోపంగానో సంతోషంగానో పలికిన గొంతును చొప్పిస్తే సరిపోతుంది. పుట్టి కొన్ని రోజులు మాత్రమే అయిన శిశువుల మెదడు కూడా ఇలాంటి మార్పులకు స్పందిస్తుందని తైవాన్‌లో యావే చెంగ్ బృందం 2012లో చూపింది. అంటే భాష రాకముందే, తల్లి మాటకు అర్థం తెలియకముందే, గొంతు మారిందన్న గ్రహింపు మొదలవుతుంది.

తైవాన్‌లోనే 2014లో వెలువడిన మరో అధ్యయనంలో ఆటిజం ఉన్న 20 మందికీ, లేని 20 మందికీ ఈ శబ్దాలను వినిపించారు. ఆటిజం ఉన్నవారి సమూహంలో భావం నిండిన గొంతుకు ఆ స్పందన కనిపించలేదు. ఇక్కడ ఒక విషయాన్ని జాగ్రత్తగా గమనించాలి. ఆ గొంతులతో ధ్వని లక్షణాల్లో సరిపోలేటట్టు తయారు చేసిన, మనిషి గొంతు కాని శబ్దాలను కూడా వారికి వినిపించారు. వాటికి స్పందన వచ్చింది గాని, అది కూడా బలహీనంగానే ఉంది. కాబట్టి ఈ ఫలితాన్ని "వీళ్లకు భావాలు తెలియవు" అని చదవడం తొందరపాటు. శబ్దంలో మార్పును తనంతట తాను గుర్తించే తొలి మెట్టులోనే తేడా ఉందనీ, మనిషి గొంతు దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా పెరిగిందనీ చదవడం న్యాయం. కోపపు గొంతుకు స్పందన ఎంత తక్కువగా ఉంటే ఆటిజం లక్షణాలు అంత ఎక్కువగా ఉన్నట్టు కూడా ఆ అధ్యయనంలో కనిపించింది.

ఈ కొలతతో ఆటిజాన్ని నిర్ధారించవచ్చునన్న ఆశను కూడా ఆ పరిశోధకులు వ్యక్తం చేశారు. నాకు ఆ ఆశ మీద అంత నమ్మకం లేదు. 20 మంది సగటులో కనిపించిన తేడా, డాక్టరు ఎదుట కూర్చున్న ఒక్క పిల్లవాడి విషయంలో తీర్పు చెప్పడానికి చాలదు. ఈ రోజుకీ ఆటిజం నిర్ధారణ జరిగేది ప్రవర్తనను గమనించి, తల్లిదండ్రులను అడిగి తెలుసుకునే పద్ధతిలోనే. మన దేశంలో వైకల్య ధ్రువపత్రం కోసం వాడే భారతీయ కొలమానం ఇసా కూడా 40 అంశాలతో అలా తయారైనదే. మూర్ఛ అనుమానం ఉంటే డాక్టర్లు ఈఈజీ రాస్తారు, అది అవసరమైన పరీక్ష. ఈఈజీ తీసి ఆటిజం ఉందో లేదో తేల్చేస్తామని ఎవరైనా అంటే మాత్రం, డబ్బు కట్టే ముందు మీ పిల్లల వైద్యుడిని ఒకసారి అడగండి.

ఇక ఆ స్పందన వెనుక ఏముందన్నది చూద్దాం. మెదడులో కణత వెనుక భాగంలో, మిగిలిన శబ్దాలకంటే మనిషి గొంతుకు ఎక్కువగా స్పందించే ప్రాంతాలు ఉన్నాయని పాస్కల్ బెలెన్ బృందం 2000లో ప్రకటించింది. ఆటిజం ఉన్న 5గురు పురుషుల్లో ఆ ప్రాంతాలు గొంతుకు మేలుకోలేదని 2004లో ఫ్రాన్స్ పరిశోధకులు రాశారు గాని, తరువాత వచ్చిన అధ్యయనాలు అన్నీ దాన్ని సమర్థించలేదు. నాకు ఎక్కువ ఆలోచన కలిగించింది 2013 నాటి స్టాన్‌ఫర్డ్ అధ్యయనం. గొంతును గుర్తించే ప్రాంతానికీ, ఇష్టాన్నీ సంతృప్తినీ కలిగించే ప్రాంతాలకూ మధ్య ఉండవలసిన అనుసంధానం ఆటిజం ఉన్న పిల్లల్లో పలచగా ఉందని అందులో తేలింది. అంటే గొంతు వినిపిస్తున్నా, దాని వైపు తిరగాలన్న ఆకర్షణ తక్కువగా ఉండవచ్చు. పిలిస్తే పలకని పిల్లవాడిని మొండివాడు అనే ముందు ఈ సంగతి గుర్తుకు రావాలి.

స్వరాల స్థాయి భేదాలను, అంటే స్వరం ఎంత పైకి ఎంత కిందికి ఉందన్నదాన్ని, గుర్తించడంలో ఈ పిల్లల్లో కొందరు మనకంటే ముందుంటారు. మనస్తత్వ పరిశోధకురాలు పమేలా హీటన్ 1998లో చేసిన ప్రయోగాల్లో, సంగీతం నేర్చుకోని ఆటిజం పిల్లలు స్వరాల స్థాయిని తోటివారికంటే బాగా గుర్తుపెట్టుకున్నారు. సంగీతం సంతోషంగా ఉందా విచారంగా ఉందా చెప్పడంలోనూ వారు వెనుకబడలేదని ఆమె తరువాతి పని చూపింది. రైలు ప్రకటనను అప్పజెప్పే పిల్లవాడి సంగతి ఇక్కడ అర్థమవుతుంది. పైగా, తమ భావాన్ని తామే గుర్తించి పేరు పెట్టలేని స్థితి, అంటే అలెక్సిథైమియా, ఆటిజం ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. గొంతులోని భావం పోల్చుకోలేకపోవడానికి చాలా సందర్భాల్లో ఆటిజం కంటే ఈ స్థితే దగ్గరి కారణమని 2012లో హీటన్ బృందం చూపింది. ఆటిజం ఉన్నవారంతా ఒకేలా ఉండరనడానికి ఇది గట్టి ఆధారం.

గొంతూ, మాటా, ముఖమూ మూడూ ఒకే సంగతి చెప్పినప్పుడు పిల్లవాడికి పని తేలిక; మూడూ మూడు దారుల్లో పోయినప్పుడే చిక్కు. మన తిరుపతి గంగమ్మ జాతరలో బండ వేషం వేసుకున్నవాళ్లు ఎదురొచ్చినవారిని నోటికొచ్చినట్టు తిడుతూ పోతుంటే చుట్టూ ఉన్నవారు భక్తితో నవ్వుకుంటారు. ఆ తిట్టులో కోపం లేదని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆటిజం ఉన్న పిల్లవాడికి మాత్రం ముందుగా చెప్పాలి, వీలైతే ఫొటోలు చూపించి మరీ చెప్పాలి. వేళాకోళానికి కూడా ఇదే వర్తిస్తుంది.

ఇంట్లో చేయగలిగినది కూడా ఇక్కడినుంచే తెలుస్తుంది. గొంతుతో మాత్రమే చెప్పే సంగతిని మాటల్లో పెట్టి చెప్పాలి. "ఏందిది?" అని గద్దించి ఊరుకుంటే పిల్లవాడికి చేరేది ఒక ప్రశ్న మాత్రమే, "నువ్వు నీళ్లు ఒలకబోశావు, నాకు కోపం వచ్చింది, గుడ్డ తెచ్చి తుడువు నాయనా" అంటే జరిగినదీ, మీ భావమూ, తాను చేయవలసినదీ మూడూ చేరతాయి. అర్థం కాలేదని గొంతు పెంచడం వల్ల ప్రయోజనం లేదు. శబ్దాన్ని భరించలేని పిల్లలు ఆటిజంలో చాలామంది ఉంటారు, అలాంటి పిల్లవాడికి కేక చెవినొప్పిగా చేరుతుంది గాని మందలింపుగా చేరదు. చెప్పిన తరువాత కొన్ని క్షణాలు ఆగడం కూడా అవసరం.

చివరగా బడి సంగతి. ఆటిజం ఉన్న పిల్లల సొంత గొంతు కూడా కొన్నిసార్లు ఎగుడుదిగుడులు లేకుండా, లేదా పాఠం చదువుతున్నట్టు వినిపిస్తుంది. సార్ ప్రశ్నకు అలా జవాబిస్తే నిర్లక్ష్యమని, ఎదురు చెప్పాడని దెబ్బలు పడిన పిల్లలు ఉన్నారు. అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉందని, స్వయంగా ఆటిజం ఉన్న బ్రిటన్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో వాదించారు. కాబట్టి పిల్లవాడిని బడిలో చేర్చే రోజునే, వాడి గొంతు ఎలా ఉంటుందో, అందులో ఏది విసుగు, ఏది భయం, ఏది సంతోషమో ఒక కాగితం మీద రాసి క్లాసు టీచరుకు ఇవ్వండి.