జిగురా, దారమా? విదేశీ ముద్రణకు ధర అడిగే ముందు

సభాధ్యక్షులకు, గ్రంథాలయ సిబ్బందికి, పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. 1904లోనే రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం వెలసిన ఊరు మన హనుమకొండ. ఇక్కడ గ్రంథాలయ వారోత్సవాల వేదిక మీద మాట్లాడటం నాకు గౌరవం. పుస్తక పఠనం గురించి చెప్పమని పిలిచారు. కానీ చదవాలంటే ముందు పుస్తకం ఆకులు ఊడకుండా ఉండాలి. నా మనసులో ఉన్నది అదే. అది చెప్పనివ్వండి.

మా మిత్రుడు ఒకాయన రామప్ప ఫోటోల పుస్తకం వేశాడు. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన గుడి అది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అందరం ఫోన్లు పట్టుకుని పోతున్నాం గానీ, ఆయన అక్కడి మదనికల, అంటే గుడి చూరు కింద నిలబెట్టిన స్త్రీ శిల్పాల, చుట్టూ తిరిగింది అంతకు చాలా ముందు నుంచి. నల్లరాయి ఫోటోలో మసిముద్దలా వస్తుంది. ఆ నలుపులో నగల చెక్కుడు కనబడాలని ఏటవాలు వెలుతురు కోసం గంటలు గంటలు కాచుకునేవాడు. పుస్తకం విదేశంలో అచ్చు వేయించాడు. అచ్చుకు వంక లేదు. గట్టి అట్ట, మీద జాకెట్, చూస్తే కళ్లు నిండాయి.

ఆర్నెల్లు తిరక్కముందే ఆకులు చేతికి వచ్చాయి. లోపల కుట్టు లేదు. వెన్నుకు జిగురు పూసి గట్టి అట్టలో కూర్చోబెట్టారు. అడిగితే వాళ్లు రాసిన జవాబు ఒక్క వాక్యం: కొటేషన్‌లో హార్డ్ బౌండ్ అని ఉంది, హార్డ్ బౌండే ఇచ్చాం. ఆయన నా ముందు కూర్చుని, "అన్నా, గిది బొమ్మల పుస్తకం అని వాళ్లకు తెల్వదా?" అన్నాడు. తెలుసు. నునుపు పూత ఉన్న ఆర్ట్ పేపర్‌ను మామూలు జిగురు గట్టిగా పట్టదని అచ్చుపని చేసే ప్రతివాడికీ తెలుసు. చెబితే ధర పెరుగుతుంది, ఆర్డర్ పక్కవాడికి పోతుంది. అందుకే చెప్పలేదు. ఆ మనిషి ముఖం నేను మరిచిపోలేను. ఇప్పటికీ నాకు కోపమే.

అందుకని పుస్తకం వేద్దామనుకునే ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను: జిగురా, దారమా? ధర అడిగే ఉత్తరంలో 'సెక్షన్ సూయింగ్, ఆపైన కేస్ బైండింగ్' అని విడమరిచి రాయండి. అంటే ఆకులను కట్టలుగా దారంతో కుట్టి, ఆ తర్వాత గట్టి అట్ట వేయడం. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి రేటు అడిగితే ముందు తేమ ఎంత అంటారు. తేమ చెప్పకుండా చెప్పే రేటుకు అర్థం లేదు. ముగ్గురు ప్రింటర్లకు మూడు రకాలుగా అర్థమయ్యే ఉత్తరం రాస్తే వచ్చేవి కూడా మూడు వేర్వేరు పుస్తకాల ధరలే. అందులో తక్కువది ఏరుకుంటే మనకు దక్కేది జిగురే.

పుస్తకం సైజు మనం ఇక్కడ '1/8 డెమ్మీ' అంటే ప్రెస్సులో అందరికీ తెలుస్తుంది. బయట దేశం వాడికి మిల్లీమీటర్లలో చెప్పాలి, వెడల్పు ముందా ఎత్తు ముందా అనేది కూడా రాయాలి. ఒక పెద్ద కాగితం మడిస్తే వచ్చే 16 పేజీలను ఫారం అంటారు. మొత్తం పేజీలు ఆ ఫారాల లెక్కకు సరిపడేలా చూసుకోండి. పేపర్ అంటే 'మంచి పేపర్' కాదు. మెరుపు లేని మ్యాట్ ఆర్టా, మెరిసే గ్లాసీ ఆర్టా, ఎన్ని జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు), అన్నీ కావాలి. లోపల నాలుగు రంగులా, ఒకటేనా? అట్టకు లామినేషన్ ఉందా? 500కు ఎంత, 1000కి ఎంత, అదే విడతలో ఇంకో వెయ్యి కలిపితే ఎంత అని ఒకే ఉత్తరంలో అడగండి. ఆ ధర ఎన్నాళ్లు నిలబడుతుందో కూడా అడగండి, డాలర్ మన మాట వినదు కదా.

బరువు సంగతి ఎవరూ లెక్కవేయరు. నేను లెక్కవేసి చూపిస్తాను. 230 × 280 మిల్లీమీటర్ల సైజు, 160 పేజీలు, అంటే 80 ఆకులు, 150 జీఎస్ఎం పేపర్. లోపలి కాగితమే సుమారు 773 గ్రాములు. అట్టలు కలిస్తే కిలో దాటవచ్చు. వెయ్యి కాపీలంటే టన్ను సరుకు. అది ఒక కంటైనర్ నిండదు, ఇతరుల సరుకుతో కలిసి ఓడెక్కుతుంది. అప్పుడు ఎఫ్‌ఓబీ అని ధర ఇస్తే వాళ్ల రేవులో ఓడెక్కించే వరకే వాళ్ల బాధ్యత. సీఐఎఫ్ అంటే మన రేవు దాకా కిరాయి, బీమా వాళ్లవి. దించుకునే ఖర్చు, కస్టమ్స్, అక్కడి నుంచి వరంగల్ దాకా లారీ, అంతా మనదే. 2019 బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాల మీద 5 శాతం సుంకం వేశారు. ఈ ఏడు ఎంత ఉందో కస్టమ్స్ ఏజెంట్‌ను అడిగి లెక్కలో వేసుకోండి. అమ్మడానికి తెప్పించుకుంటే ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతులు చేసేవాళ్లకు ఇచ్చే కోడ్ కూడా ఉండాలి. ఇవన్నీ కలిపాకే కాపీకి ఎంత పడిందో తెలుస్తుంది.

వెనక వరుసలో కూర్చున్న పిల్లలూ, ఇది మీకోసం. మన డీటీపీలో, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పనిలో, ఇంకా అను అనే పాత తెలుగు ఫాంట్లు నడుస్తున్నాయి. విదేశీ ప్రెస్సులో తెలుగు చదివేవాళ్లు ఉండరు. ఫాంట్ మారి ఒత్తులు ఎగిరిపోయినా, అక్షరాలు పెట్టెలుగా మారినా అక్కడ ఎవరికీ అనుమానం రాదు. ఫాంట్లను అవుట్‌లైన్లుగా, అంటే అక్షరాలను బొమ్మల్లా, మార్చిన పీడీఎఫ్ ఇస్తామని, ప్రింట్ ప్రూఫ్ పంపి మనం సంతకం చేశాకే మెషీన్ ఎక్కించాలని ఉత్తరంలోనే రాయండి. ఆ ప్రూఫ్ ఖర్చు ధరలో కలిసిందో లేదో కూడా అడగండి. ప్రూఫ్ మీ చేతికొస్తే తెలుగు బాగా వచ్చిన ఇంకొకరితో కూడా చదివించండి.

అధ్యక్షా, సమయం అయిందని చీటీ పంపారు, చూశాను. ఒక్క కోరిక చెప్పి ముగిస్తాను. మన జిల్లాలో సొంత డబ్బు పెట్టి పుస్తకం వేసుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. టీచర్లు, ఫోటోగ్రాఫర్లు, ఒగ్గు కథల మీద పని చేసేవాళ్లు. వాళ్లకు ధర అడిగే నమూనా ఉత్తరం ఒకటి తెలుగులో అచ్చువేసి గ్రంథాలయంలో ఉంచండి. నేను రాసిస్తాను. దానికింద బైండింగ్ గడిలో జిగురా, దారమా అని రెండు పెట్టెలు గీయండి, టిక్కు పెట్టకుండా ఎవరూ సంతకం చేయడానికి వీల్లేకుండా. ఇక్కడ పుస్తకం వేసే ఆలోచనలో ఉన్నవాళ్లు సభ అయ్యాక ఆగండి. మీ సైజు, పేజీలు చెప్పండి, ఉత్తరం ఇక్కడే కూర్చుని రాద్దాం.