చింతచెట్టు బరువెంత?

అందరికీ నమస్కారం. చిక్కడపల్లి గ్రంథాలయంలో మైకు పట్టుకోవాలంటే నాకెప్పుడూ జంకే. బయట గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలున్నారు. నా గొంతు కాస్త లేచిందంటే కిటికీలోంచి ఒక చూపు చూస్తారు. అందుకని మెల్లగానే మాట్లాడతాను. వెనక వరసలోవాళ్లు దయచేసి ముందుకు జరగండి.

సమాచార శోధనలో, అంటే కాగితాల గుట్టలోంచి కావలసినది వెతికి తీసే విద్యలో, ఒక పరిశోధకుడి జీవితం గురించి చెప్పమన్నారు. నేను పరిశోధకురాలి గురించి చెప్తాను. కానీ అంతకంటే ముందు ఒక చెట్టు గురించి చెప్పాలి.

నేను లైబ్రేరియన్‌గా ఉన్న రోజుల్లో ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. "సార్, 1908 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ దగ్గర ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారంటారు కదా, దాని మీద పాత పేపరు కటింగ్ ఏమైనా ఉందా?" అనడిగింది. ఉందని నాకు తెలుసు, నేనే అతికించాను. కటింగులన్నీ అప్పటికే కంప్యూటర్‌లోకి ఎక్కించాం. ఆ అమ్మాయి "హైదరాబాద్ మూసీ వరద చింతచెట్టు" అని కొట్టింది. బోలెడన్ని వచ్చాయి. మొదటి పేజీ నిండా నాలాల పూడిక, ట్యాంకర్లు, కార్పొరేషన్ బడ్జెట్. చెట్టు జాడ లేదు. ఆ కంప్యూటర్‌కి నాలుగు మాటలూ ఒకే విలువ. హైదరాబాద్ ఎంతో చింతచెట్టూ అంతే. చదువుకోని మనిషిని పంపినా చెట్టు గురించే వెతుకుతాడు కదా!

ఆ తేడాని యంత్రానికి నేర్పిన మనిషి కరెన్ స్పార్క్ జోన్స్. 1935లో ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో పుట్టారు. తండ్రి కెమిస్ట్రీ పాఠాలు చెప్పేవారు, తల్లిది నార్వే. కేంబ్రిడ్జ్‌లో గర్టన్ కాలేజీలో ఆవిడ చదివింది చరిత్ర, చివరి ఏడాది తత్వశాస్త్రం. తర్వాత కొన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పారు. కంప్యూటర్ డిగ్రీ అన్న మాటే లేదు. మార్గరెట్ మాస్టర్‌మన్ నడిపే కేంబ్రిడ్జ్ లాంగ్వేజ్ రీసెర్చ్ యూనిట్‌లో చేరి, మాటల అర్థాలను యంత్రానికి ఎలా ఎక్కించాలన్న పనిలో పడ్డారు. 1964లో వచ్చిన పీహెచ్‌డీ పర్యాయపదాల మీద. అది పుస్తకంగా అచ్చయింది 1986లో, అంటే ఇరవై రెండేళ్లకి. మన దగ్గర థీసిస్ అటక మీదుందని బాధపడేవాళ్లు కొంచెం ఊరట పొందొచ్చు.

ఆవిడ మొదటి నమ్మకం చాలా సహజమైనది. ఒకే అర్థానికి దగ్గరగా ఉన్న మాటల్ని గుంపులుగా కడితే, ఒక మాటతో వెతికినవాడికి దాని చుట్టాల మాటలున్న కాగితాలు కూడా దొరుకుతాయి అని. 1971లో దీని మీద పుస్తకం రాశారు. ఒక పత్రాల సేకరణ మీద అది బాగానే పనిచేసింది. వేరే సేకరణల మీద పెట్టి చూస్తే అంత కలిసిరాలేదు. మనమైతే ఏం చేస్తాం? కలిసొచ్చిన దాన్నే పట్టుకుని ఊరంతా తిరుగుతాం. ఆవిడ మాత్రం ఎందుకు రాలేదని కూర్చుని చూశారు. తిప్పలు పెడుతున్నవి ఎక్కువ పత్రాల్లో కనిపించే మాటలు. వాటిని గుంపులో కలిపితే సంత అయిపోతోంది.

అక్కణ్నుంచే 1972లో జర్నల్ ఆఫ్ డాక్యుమెంటేషన్‌లో ఆవిడకి పేరు తెచ్చిన వ్యాసం వచ్చింది. పరీక్ష చేసినవి మూడే సేకరణలు, ఒక్కొక్కదాంట్లో వెయ్యి పత్రాలు కూడా లేవు. విషయం ఇది: ఒక మాట ఎన్ని పత్రాల్లో ఉందో లెక్కపెట్టు. ఎంత తక్కువ వాటిల్లో ఉంటే అంత బరువివ్వు. దాని అర్థంతో నీకు పనిలేదు.

మన కటింగులతో చూద్దాం. లెక్క తేలిగ్గా ఉండడానికి 1024 ఉన్నాయనుకోండి. వాటిని ఎన్నిసార్లు సగం చేస్తే ఆ మాట ఉన్న కటింగుల దగ్గరికి చేరతామో అదే దాని బరువు. హైదరాబాద్ అన్నిట్లోనూ ఉంది, సగం చేసే అవసరమే లేదు, బరువు సున్నా. మూసీ 128లో ఉందనుకుందాం, బరువు 3. వరద 64లో, బరువు 4. చింతచెట్టు రెండిట్లోనే, బరువు 9. ఇప్పుడు ఒక్కో కాగితంలో ఉన్న మాటల బరువులు కలిపి చూడండి, చెట్టున్న కాగితం తేలిగ్గా పైకొస్తుంది. ఆవిడ అసలు సూత్రంలో దీనికి ఒకటి కూడతారు. అది పక్కనపెట్టండి, ఏ మాట బరువెక్కువన్న వరసలో మార్పు రాదు.

ఇందులో నాకు బాగా నచ్చినదొకటుంది. ఇదే హైదరాబాద్ అన్న మాటని శ్రీకాకుళం కటింగుల పెట్టెలో వేస్తే బరువొస్తుంది. మాట విలువ మాటలో లేదు, అది ఏ పెట్టెలో ఉందన్నదాన్ని బట్టి ఉంది. మనుషులకీ ఇది... సరే, అటు వెళ్లను.

మాట ఒక్కో పత్రంలో ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్కతో దీన్ని కలపడం అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో జెరార్డ్ సాల్టన్ బృందం చేసిన పని. 1976లో స్టీఫెన్ రాబర్ట్‌సన్‌తో కలిసి ఆవిడ సంభావ్యత లెక్కలతో దీని మీద ఇంకో మెట్టు కట్టారు. రాబర్ట్‌సన్ వాళ్లు తర్వాత తయారుచేసిన, పత్రాలకు మార్కులేసి వరసపెట్టే బీఎమ్25 సూత్రం దాని వారసత్వమే. మన కుర్రాళ్లు మాదాపూర్ ఆఫీసుల్లో పెట్టుకునే వెతుకులాట సాఫ్ట్‌వేర్ ఎలాస్టిక్‌సెర్చ్ ఏమీ మార్చకపోతే ఇవాళ్టికీ దాంతోనే నడుస్తుంది.

ఇంత చేసిన మనిషికి కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్ పదవి ఇచ్చింది 1999లో. అప్పటికి ఆవిడకి అరవై నాలుగు. 2002లో రిటైర్మెంట్. అంతకుముందు చాలా కాలం ఈ గ్రాంటు అయిపోతే ఆ గ్రాంటు. ఇక్కడ కాంట్రాక్టు లైబ్రేరియన్లు కొందరు కూర్చున్నారు, నేను వివరించక్కర్లేదు. కంప్యూటింగ్ మగవాళ్లకి వదిలేసేంత చిన్న సంగతి కాదని ఆవిడ అనేవారు. 2007 ఏప్రిల్‌లో పోయారు.

ఇప్పుడు మన భాష సంగతి. ఆవిడ లెక్క ఇంగ్లిష్ మీద పుట్టింది. అక్కడ ఊరి పేరు పక్కన చిన్న మాట విడిగా నిలబడుతుంది. మనకి అంటుకుపోతుంది. హైదరాబాద్, హైదరాబాదు, హైదరాబాద్‌లో, హైదరాబాదుకి, హైదరాబాదునుంచి: యంత్రం దృష్టిలో ఇవి అయిదు వేరే మాటలు. దీనివల్ల దెబ్బ రెండు వైపుల నుంచి. ఒకటి, వెతికినది దొరకదు. రెండోది ఎవరూ పెద్దగా పట్టించుకోరు: ఒక్కో రూపం కొద్ది కాగితాల్లోనే ఉంటుంది కాబట్టి ప్రతిదీ అరుదైన మాటలా కనిపిస్తుంది. సున్నా రావలసిన హైదరాబాద్‌కి, వెనక "నుంచి" తగిలించుకున్నందుకు దొంగ బరువొస్తుంది.

తోక కోసేస్తే సరిపోతుంది కదా అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఇద్దరు విద్యార్థుల్ని కూర్చోబెట్టి చివర "లో", "కి" లాంటివి ఉంటే తీసెయ్యమని రాయించాను. పొలంలో పొలం అయింది, ఇంట్లో "ఇంట్" దగ్గర ఆగింది, ఇల్లు అవలేదు. కిలో "కి" అయింది. ఆ "కి" కూడా విభక్తేనని అదీ కోసేసింది. కిలో ఉల్లిపాయల ధర మీద కటింగులో కిలో మాయం! ఉల్లిపాయలే మిగిలాయి.

ఈ ఊళ్లో ఈ పని జరగలేదని కాదు. 2006లోనే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్లు తెలుగులో, హిందీలో ప్రశ్న వేస్తే ఇంగ్లిష్ పత్రాలు వెతికే పద్ధతితో, ఇలాంటి పద్ధతుల్ని పోల్చి చూసే క్లెఫ్ అనే యూరప్ పరీక్షలో పాల్గొన్నారు. 2008 నుంచి మన దేశంలోనే భారతీయ భాషల కోసం ఫైర్ పేరుతో అలాంటి పరీక్షలు నడుస్తున్నాయి. ఏ పద్ధతి మెరుగో తేల్చాలంటే అందరూ ఒకే పత్రాలు, ఒకే ప్రశ్నల మీద పోటీపడాలి కదా. స్పార్క్ జోన్స్ 1970లలోనే అలాంటి ఉమ్మడి పరీక్షా సేకరణ కావాలని పట్టుబట్టారు. అందుకే లైబ్రరీ సైన్స్ చదివే మీ దగ్గర నేను అడిగేది ప్రోగ్రామింగ్ కాదు. ఒక వంద కటింగులు, ఇరవై ప్రశ్నలు తీసుకోండి. ఏ ప్రశ్నకి ఏ కటింగు జవాబో చదివి గుర్తుపెట్టండి. విసుగు పని. పేపర్లకెక్కదు. మన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన నాలుగో సూత్రం, పాఠకుడి సమయం ఆదా చెయ్యమన్నది, ఇలాంటి విసుగు పని మీదే నడుస్తుంది.

ఆ అమ్మాయికి కటింగు దొరికిందా అంటారేమో. దొరికింది. మా అటెండరు చెప్పాడు, "సార్, అది ఎర్ర అట్ట ఫైల్లో ఉంది" అని. తీసి చూస్తే, కంప్యూటర్‌లోకి ఎక్కించినవాళ్లు మూసీని "మూసి" అని కొట్టారు, చింత ఒకచోట, చెట్టు ఒకచోట రాశారు. అక్కడ నా సంతకం కూడా ఉంది, సరిచూశానని.

ప్రశ్నలుంటే అడగండి. మైకు వద్దు, బయట పిల్లలున్నారు.