టైల్స్ అంగడికి ఏ డీజిల్ పికప్?

వ్యాఖ్యాత: లైన్లో ఎవరండీ? ఎక్కడి నుంచి?

కాలర్: నమస్కారం మేడమ్. బెంగళూరు, కె.ఆర్.పురం నుంచి. మాది మదనపల్లె పక్క. ఇక్కడ టైల్స్ అంగడి పెట్టుకున్నాం. ఇన్నాళ్లూ బాడుగ బండ్లతో నెట్టుకొచ్చినాం, ఇప్పుడు సొంతంగా డీజిల్ పికప్ తీసుకోవాలని. పదేళ్లయినా నిలబడాల సార్.

నిపుణుడు: మంచిదమ్మా. ట్రిప్పుకు ఎంత సరుకు వేస్తారు?

కాలర్: అరవై బాక్సులు. బాడీ సగం కూడా నిండదు సార్. అందుకే చిన్న బండి చాలంటున్నారు మా ఆయన.

నిపుణుడు: టైల్స్, గ్రానైట్ వాళ్లందరూ దెబ్బతినేది అక్కడే తల్లీ. రెండడుగుల టైల్స్ నాలుగుండే బాక్సు దాదాపు 28 కిలోలు తూగుతుంది. అరవై బాక్సులంటే 1,680 కిలోలు. డ్రైవరూ, దించే ఇద్దరు మనుషులూ కలిస్తే ఇంకో 200. బాడీ ఖాళీగా కనిపిస్తుంది, కింద బరువు మోసే కమాన్ కట్టలు మాత్రం పూర్తిగా అణిగిపోయి ఉంటాయి. మీరు చూడాల్సింది రెండు టన్నుల బండ్లే. టాటా యోధా 2.0 ఉంది, మహీంద్రా బొలెరో మ్యాక్స్ పికప్‌లో రెండు టన్నుల మోడల్ ఉంది. టాటా ఇంట్రా వీ50 మంచి బండే, కానీ అది మోసేది టన్నున్నర. కూరగాయలకైతే నేనే కొనమంటాను, మీకు వద్దు.

కాలర్: రెండిట్లో ఏది సార్?

నిపుణుడు: మీ అంగడికి దగ్గర్లో ఏ సర్వీస్ సెంటరుందో, విడిభాగాలు అదే రోజు ఎక్కడ దొరుకుతాయో అది. పదేళ్ల మాటన్నారు కదా, అందులో బండి షెడ్డులో పడుకున్న ప్రతిరోజూ మీకు నష్టమే. ఇంకో మాట. బాడీకి అదనంగా ఇనుప రేకులూ పైన క్యారియరూ కట్టిస్తారు చూడండి, ఆ బరువంతా మీ సరుకు లెక్కలోంచే పోతుంది. కట్టించాక ఖాళీ బండిని కాటా పెట్టించండి. ఆర్సీలో రాసిన మొత్తం బరువులోంచి అది తీసేస్తే మిగిలిందే మనుషులకూ టైల్స్‌కూ. బాక్సులు క్యాబిన్ వైపు నుంచి పేర్చండి. వెనక డోరు దగ్గర కుప్పపోస్తే ముందు చక్రాలు తేలి స్టీరింగ్ పట్టు తప్పుతుంది.

వ్యాఖ్యాత: బీఎస్6, అంటే కొత్త కాలుష్య నియమాల బండ్లు, సిటీలో ఇబ్బంది పెడతాయంటారు కదా సార్?

నిపుణుడు: 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మే కొత్త బండ్లన్నీ బీఎస్6 మేడమ్. పొగ గొట్టం దారిలో డీపీఎఫ్ అని ఫిల్టరుంటుంది, మసి అందులో ఆగుతుంది. బండి కాసేపు ఆగకుండా పరుగెత్తితే వేడికి ఆ మసి కాలిపోతుంది. టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ ట్రాఫిక్ జామ్‌లో గంటలు నిలబడితే ఎలా కాలుతుంది? అమ్మా, మీరు రోజూ ఎటు తిరుగుతారు?

కాలర్: వైట్‌ఫీల్డ్, మారతహళ్లి. వారానికోసారి కోలారు.

నిపుణుడు: ఆ కోలారు ట్రిప్పే మీ ఫిల్టరును కాపాడుతుంది, మానకండి. మధ్యలో డీపీఎఫ్ లైటు వెలిగితే డ్రైవరు దాన్ని చూసీచూడనట్టు వదిలెయ్యకూడదు. హోస్కోటె దాటి హైవే మీద ఓ ఇరవై నిమిషాలు ఒకే ఊపులో నడిపించమనండి, మధ్యలో ఇంజను ఆపొద్దు. ఎవరైనా మెకానిక్ ‘ఫిల్టరు కోసేద్దాం, మైలేజీ వస్తుంది’ అంటే ఆ షెడ్డు గడప మళ్లీ తొక్కొద్దు. అది చట్టానికి విరుద్ధం. ఇంజనాయిల్ కూడా కంపెనీ పుస్తకంలో రాసిన రకమే పోయించండి. పాతరకం ఆయిల్ బూడిద ఫిల్టర్లో పేరుకుంటే ఎంత వేడికీ కాలదు.

కాలర్: మా తమ్ముడికి కారు లైసెన్సే ఉంది సార్. నడపొచ్చా?

నిపుణుడు: నడపొచ్చమ్మా. సరుకుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోల లోపు బండ్లకు ఎల్ఎంవీ, అంటే తేలికపాటి వాహనాల లైసెన్సు చాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో మళ్లీ స్పష్టం చేసింది. ఎఫ్‌సీ, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, మాత్రం మర్చిపోవద్దు, ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా.

కాలర్: సరే సార్. మా ఆయనకు ఈ 1,680 లెక్కే చెప్తా.

వ్యాఖ్యాత: శుభం అమ్మా. తర్వాతి కాల్ హెబ్బాళ నుంచి, చెప్పండి...